సంతకం ఒకరిది, రక్తం ఒకరిది

2025 మే 1న అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఒక ప్రకటన చేసింది. అమెరికా విశ్వవిద్యాలయాలు తమకు వచ్చిన పరిశోధన నిధుల్లో కొంత భాగాన్ని విదేశాల్లోని భాగస్వామ్య సంస్థలకు పంచి ఇచ్చే పాత పద్ధతిని నిలిపివేస్తున్నామని, కొత్త ఏర్పాటు వచ్చేవరకు అలాంటి గ్రాంట్లు మంజూరు చేయబోమని దాని సారాంశం. అదే ఏడాది జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది. దక్షిణాఫ్రికాలో ఒక పరీక్షలో పాల్గొంటున్న మహిళల శరీరాల్లో పరికరం ఉండగానే పరిశోధకులకు పని ఆపమన్న ఆదేశం చేరింది.

ఆ రోజుల్లో వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం నిధుల గురించి, ఉద్యోగాలు పోయిన శాస్త్రవేత్తల గురించి, మూతపడుతున్న ప్రయోగశాలల గురించి రాసినవే. అవి నిజమైన నష్టాలే. అయితే ఒక ప్రశ్న మాత్రం తక్కువగా వినబడింది. చెయ్యి చాచి రక్తం ఇచ్చిన మనిషి సంగతేమిటి? డబ్బు ఆగిపోయాక ఫ్రీజరులో మిగిలిన ఆ రక్తం ఎవరిది? ఆమెకు ఫలితం ఎవరు చెబుతారు?

ఇది ఎక్కడో విదేశాల్లో పెద్దలు తేల్చుకోవలసిన విషయం, మన సంఘాలకు దీనితో ఏం పని అని అనిపించవచ్చు. పని ఉంది. పరిశోధన బృందం ఒక పల్లెకో గూడేనికో వచ్చినప్పుడు నేరుగా ఇంటింటికీ వెళ్లదు. ముందు సర్పంచిని, హెడ్‌మాస్టరును, హాస్టలు వార్డెన్‌ను, ఆశా కార్యకర్తను కలుస్తుంది. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న చోట సంఘ కాపరిని కలుస్తుంది. కాపరి ఒక్క మాట చెబితే నలభై మంది వరుసలో నిలబడతారని వారికి తెలుసు. ఆ మాటకున్న బరువు మనకు కూడా తెలియాలి. అందుకే ఈ వారం ఈ సంగతి రాయవలసి వచ్చింది.

రక్తం వెళ్లే దారి

మొదట ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక మనిషి నుండి రక్తం, ఉమ్మి, మూత్రం, మలం లేదా కణితి ముక్క తీసుకుంటారు. దాన్నే నమూనా అంటారు. పేరు తీసి ఒక సంఖ్య వేస్తారు. మైనస్ 80 డిగ్రీల చలిలో నిల్వ చేస్తే అది ఏళ్ల తరబడి పాడుకాదు. ఇచ్చిన మనిషి ఆ మధ్యాహ్నానికే మరిచిపోతాడు. నమూనా మాత్రం పదేళ్ల తర్వాత కూడా అతని వంశం గురించి, అతని పిల్లలకు రాగల జబ్బుల గురించి చెప్పగలదు. సంఖ్య వేసినంత మాత్రాన అది ఎవరిదో కాకుండా పోదు.

అందుకే దీనికి కట్టుబాట్లు ఏర్పడ్డాయి. నాజీ వైద్యుల ఘోరాల మీద విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోకుండా అతనిపై ప్రయోగం చేయరాదని దాని మొదటి నియమం. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసింది. దాన్ని 2024 అక్టోబరులో మళ్లీ సవరించినప్పుడు ఒక ముఖ్యమైన మార్పు జరిగింది. అంతవరకు పరిశోధనకు లోబడినవారు అనే అర్థమిచ్చే మాట వాడేవారు. ఇప్పుడు పాల్గొనేవారు అంటున్నారు. మాట మారితే చాలదు, నిజమే. కానీ ఆ మనిషి ఒక వస్తువు కాడు, భాగస్వామి అని ఒప్పుకోవడమైనా జరిగింది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. మనుషులకు సంబంధించిన ఏ పరిశోధననైనా ముందుగా ఒక ఎథిక్స్ కమిటీ చూడాలి. అందులో ఏడుగురి నుండి పదిహేను మంది వరకు ఉండాలి. అధ్యక్షుడు ఆ సంస్థ మనిషి కాకూడదు. వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధం లేని సామాన్యులు కూడా కూర్చోవాలి. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈ కమిటీలు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవాలి. పరిశోధనకు విదేశీ డబ్బు లేదా విదేశీ భాగస్వామి ఉంటే ఇంకో మెట్టు ఉంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన కమిటీ అనుమతి కావాలి. నమూనా దేశం దాటేటట్లయితే ఎంత వెళుతుంది, దేనికి వాడతారు, మిగిలింది ఏమవుతుంది అని రెండు సంస్థల మధ్య ఒప్పందం కావాలి.

కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. అయితే ఇన్ని కాగితాల్లోనూ ప్రాణమున్నది ఒక్కటే. అది చెయ్యి చాచిన మనిషి తెలిసి, ఇష్టపడి ఇచ్చిన ఒప్పుకోలు. అది లేకుంటే మిగిలిన ముద్రలన్నీ వట్టివే. మన తెలుగు నేల మీదే జరిగిన ఒక సంగతి దీనికి సాక్ష్యం.

ఖమ్మం చెప్పిన పాఠం

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్‌పీవీ టీకా మీద ఒక ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలను తయారీ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుండి పధ్నాలుగేళ్ల వయసున్న సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు టీకా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికలు. ఇది నమూనాలు తీసుకునే పరిశోధన కాదు, టీకా అధ్యయనం. కానీ ఒప్పుకోలు విషయంలో పాఠం ఒక్కటే.

కొందరు బాలికలు చనిపోయారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ సంఘం తేల్చింది. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. టీకా మంచిదే. మన దేశంలో ఏటా 70 వేల మందికి పైగా స్త్రీలను ఆ క్యాన్సరు పొట్టన పెట్టుకుంటోంది. దాన్ని ఆపగల టీకా దేవుడిచ్చిన మేలు అనే నేను నమ్ముతాను.

తప్పు జరిగింది ఇంకోచోట. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన 72వ నివేదికలో ఆ లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టలు వార్డెన్లు. తల్లీ కాదు, తండ్రీ కాదు, వార్డెన్లు.

ఆ వార్డెన్లు చెడ్డవారని నేను అనను. పై నుండి ఉత్తర్వు వచ్చింది, మంచి పనే అన్నారు, పిల్లలు తమ దగ్గరే ఉన్నారు, సంతకం పెట్టారు. వారిలో చాలామంది ఆ పిల్లల్ని సొంత బిడ్డల్లా చూసుకునేవారే అయి ఉండవచ్చు. తప్పు చెడ్డవాళ్ల వల్లనే జరగదు. నేను చెబితే వాళ్లు చెప్పినట్టే, నా దగ్గర ఉన్నవాళ్ల తరఫున నేను ఒప్పుకోవచ్చు అనుకునే మంచివాళ్ల వల్ల కూడా జరుగుతుంది. మన సంఘ పెద్దలకు, కాపరులకు, బోర్డింగ్ పాఠశాలలు నడిపే మనవారికి ఇది సూటిగా తగలవలసిన మాట.

డబ్బు ఎవరిదో తెలియని చోట

రెండో సంగతి నాగాలాండ్‌ది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నూటికి 88 మంది క్రైస్తవులు. ఆ రాష్ట్రంలోని కిఫిరె జిల్లాలో ఒక గ్రామ ప్రజలు తరతరాలుగా గబ్బిలాలను వేటాడతారు. గబ్బిలాల నుండి ఎబోలా జాతి వైరస్‌లు మనుషులకు సోకుతాయా అని తెలుసుకోవడానికి 2017లో ఆ వేటగాళ్లలో 85 మంది రక్త నమూనాలు తీసుకున్నారు. 2019 అక్టోబరులో అధ్యయనం ఒక అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. పని చేసింది బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం. డబ్బు ఇచ్చిన వారిలో అమెరికా రక్షణ శాఖకు చెందిన ఒక ఏజెన్సీ ఉంది. రచయితల జాబితాలో చైనాలోని వుహాన్ వైరాలజీ సంస్థకు చెందిన ఇద్దరి పేర్లున్నాయి.

నాలుగు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చింది, వుహాన్ పేరు ప్రపంచమంతా మారుమోగింది. 2020 ఫిబ్రవరిలో ఈ అధ్యయనానికి కావలసిన అనుమతులన్నీ ఉన్నాయా అని ఐసీఎంఆర్ విచారణ చేపట్టినట్లు పత్రికల్లో వచ్చింది. నమూనాలేవీ దేశం దాటలేదని బెంగళూరు సంస్థ వివరణ ఇచ్చింది. ఆ మాటను కాదనడానికి నాకు ఏ ఆధారమూ లేదు. పరిశోధన అంశం కూడా అవసరమైనదే. గబ్బిలాల నుండి వచ్చే జబ్బుల్ని ముందే పసిగట్టడం అందరికీ మేలు.

కానీ ఆ 85 మంది వైపు నుండి ఒకసారి ఆలోచించండి. చెయ్యి చాచినప్పుడు వాళ్లకు గబ్బిలాల గురించి చెప్పి ఉంటారు. సముద్రాల అవతల ఒక దేశపు రక్షణ శాఖ ఇందులో డబ్బు పెట్టిందన్న సంగతి వాళ్లకు అర్థమయ్యే మాటల్లో తెలియాలా, వద్దా? తెలిస్తే ఎక్కువమంది సరేననే అనేవారేమో. అయినా అడగడం వేరు, అడిగితే ఒప్పుకునేవారులే అని మనమే అనుకోవడం వేరు. నిధులిచ్చేవారి పేరు చెప్పడం లెక్కల వ్యవహారం కాదు. అది ఒప్పుకోలులో భాగం.

తిరిగి వచ్చిన రక్తం

మూడో సంగతి అమెరికాలోనే జరిగింది. ఆరిజోనా రాష్ట్రంలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవసుపాయ్ అనే చిన్న ఆదివాసీ జాతి నివసిస్తుంది. వాళ్లలో మధుమేహం బాగా పెరిగిపోయింది. 1990 తర్వాతి సంవత్సరాల్లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. మా బిడ్డలకు ఈ జబ్బు రాకుండా దారి దొరుకుతుందేమో అని వాళ్లు ఇచ్చారు.

కొన్నేళ్లకు తెలిసిందేమిటంటే, అదే రక్తాన్ని మానసిక రోగాల అధ్యయనానికి, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్ల అధ్యయనానికి, ఆ జాతి పూర్వీకులు ఎక్కడి నుండి వలస వచ్చారో తేల్చే అధ్యయనానికి కూడా వాడారు. తమ పుట్టుక ఆ లోయలోనే అని వాళ్ల విశ్వాసం. వాళ్లు అడగని ప్రశ్నకు, వాళ్ల రక్తంతోనే, వాళ్ల నమ్మకాన్ని కాదనే జవాబు రాశారు. 2004లో వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2010 ఏప్రిల్‌లో రాజీ కుదిరింది. విశ్వవిద్యాలయం 41 మందికి కలిపి 7 లక్షల డాలర్లు చెల్లించింది. మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. ఆ జాతి మనుషులు వెళ్లి ఫ్రీజరులో నుండి తమవారి రక్తాన్ని తెచ్చుకున్నారు. ఇచ్చినవారిలో కొందరు అప్పటికే కన్నుమూశారు.

వాళ్ల నమ్మకం మన నమ్మకం కాదు. కానీ వాళ్లకు జరిగిన అవమానాన్ని అర్థం చేసుకోలేనంత దూరం కూడా కాదు. ఒక పని కోసం ఇచ్చిన రక్తం ఇంకో పనికి వాడాలంటే మళ్లీ వచ్చి అడగాలి. అంతే.

అదే చేతులు, వేరే ఫలం

ఇంతవరకు చదివినవారిలో కొందరు, అయితే ఇక విదేశీ డబ్బుతో వచ్చే పరిశోధనకు తలుపు వేసేద్దాం అనుకోవచ్చు. అది తొందరపాటు. దీనికి ఎదురు సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది.

1980లలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో వైద్యుడు ఎం.కె. భాన్ బృందం ఒక వింత గమనించింది. అప్పుడే పుట్టిన కొందరు శిశువులకు రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు. పైగా తర్వాత ఆ జబ్బు తీవ్రంగా రాకుండా వారికి రక్షణ దొరికింది. ఆ పసివాళ్ల నమూనాల్లో దొరికిన వైరస్ రకమే టీకాకు విత్తనమైంది. భారత, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి పనిచేశారు. టీకాను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతాల్లో 6,799 మంది శిశువులతో పెద్ద పరీక్ష జరిగింది. వేలూరులో దాన్ని నడిపింది 1900లో ఐడా స్కడర్ ఒకే మంచంతో ప్రారంభించిన చిన్న చికిత్సాలయం నుండి ఎదిగిన మన క్రైస్తవ వైద్య కళాశాల. 2016లో ప్రభుత్వం ఈ టీకాను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ రోజు మీ సంఘంలో చంకన ఉన్న పసిబిడ్డకు నోట్లో వేసిన చుక్కల వెనుక, ఎన్నడో ఢిల్లీలో పుట్టిన ఎవరి బిడ్డలో ఉన్నారు.

ఈ పరీక్షకు డబ్బు ఎవరిచ్చారు? భారత బయోటెక్నాలజీ శాఖ, అమెరికా ఎన్‌ఐహెచ్, నార్వే, బ్రిటన్ ప్రభుత్వాలు. వారితో పాటు గేట్స్ ఫౌండేషన్, పాత్ సంస్థ ద్వారా. ఖమ్మంలో ఉన్న అదే పేర్లు ఇవి. ఈ పరీక్ష మీదా విమర్శలు వచ్చాయి. అప్పటికే వేరే రోటావైరస్ టీకాలు ఉండగా కొందరు శిశువులకు ఉత్త మందు ఇవ్వడం సరైనదేనా అని వైద్యులే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా ఆ పని నిలిచింది, పసిప్రాణాలకు పనికొచ్చింది.

కాబట్టి విదేశీ డబ్బు అంటేనే విషమని అనలేం, అనుమతి ఉందంటేనే పవిత్రమని కూడా అనలేం. అవే సంస్థలు, అదే నిధి, రెండు చోట్ల రెండు రకాల ఫలం. కారణాలు అనేకం ఉంటాయి. కానీ మన చేతిలో ఉన్న కారణం ఒకటే. మధ్యలో నిలబడినవారు ప్రజల తరఫున సంతకం పెట్టేశారా, లేక ప్రజలే తెలుసుకుని నిర్ణయించుకునేలా నిలబడ్డారా అన్నదే అది.

సంఘం ఏం చేయాలి

ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఈ మాట సూటిగానే చెబుతున్నాయి. గ్రామ పెద్ద, మత పెద్ద వంటివారి అనుమతి ఎవరి వ్యక్తిగత ఒప్పుకోలుకూ బదులు కాదు. మనం గడప దగ్గర మనిషిని లోపలికి రానివ్వవచ్చు. ఇంటివారి చెయ్యి మాత్రం మనం చాచలేం.

మన ప్రభువు చేసిన ఒక పని గుర్తు చేసుకోండి. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్న రోగి కనిపించాడు. అతనికి ఏం కావాలో ఎవరికి తెలియదు? అయినా యేసు ముందు అతన్నే అడిగాడు, బాగుపడాలని ఉందా అని. స్వస్థపరచగల అధికారం ఉన్నవాడే అడిగాడంటే, ఏ అధికారమూ లేని మనం అడగకుండా ఎలా ఉండగలం?

కనుక మీ ఊరికి, మీ సంఘానికి, మీ హాస్టలుకు ఎవరైనా నమూనాల కోసం వస్తే, గౌరవంగా కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగండి.

1. ఏ ఎథిక్స్ కమిటీ దీన్ని ఆమోదించింది? దాని నమోదు సంఖ్య, ఆమోదించిన తేదీ, పత్రం నకలు ఇస్తారా? మందులు, టీకాల పరీక్ష అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని సంఖ్య ఏది? ఆ రిజిస్ట్రీని ఫోనులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. డబ్బు ఎవరిదో కూడా అందులో రాయాలి.

2. విదేశీ డబ్బు ఉందా? ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలన కమిటీ అనుమతి ఉందా? మన సంస్థలకు ఎఫ్‌సీఆర్‌ఏ సంగతి బాగా తెలుసు. విదేశీ విరాళం తీసుకోవడానికి ఆ అనుమతి ఉన్నంత మాత్రాన పరిశోధనకు అనుమతి ఉన్నట్టు కాదు. రెండూ వేర్వేరు.

3. నమూనా ఎక్కడ ఉంచుతారు? ఎంతకాలం? దేశం దాటుతుందా? రేపు వేరే పరిశోధనకు వాడాలంటే మళ్లీ అడుగుతారా?

4. పరీక్షలో ఏదైనా జబ్బు బయటపడితే ఎవరు చెబుతారు? వైద్యం ఎవరు చేయిస్తారు? అధ్యయనం ముగిశాక ఫలితం ఏమిటో ఊరికి వచ్చి చెబుతారా?

5. మధ్యలో వద్దనుకుంటే మానుకోవచ్చా? మానుకుంటే ఆసుపత్రిలో మామూలుగా దొరికే వైద్యం ఆగదని రాసి ఇస్తారా? ఎవరికి ఫోను చేయాలి?

6. నిధులు మధ్యలో ఆగిపోతే పాల్గొన్నవారి సంగతి, నమూనాల సంగతి ఏమిటి? 2025లో జరిగింది చూశాక ఈ ప్రశ్న తప్పనిసరి.

నిజాయితీగల పరిశోధకుడికి ఈ ప్రశ్నలు కష్టంగా ఉండవు. చాలామంది సంతోషిస్తారు కూడా. జవాబులు ఆయన సంచిలోనే ఉంటాయి. చిరాకు పడేవారి దగ్గర మాత్రం కాస్త ఆగండి.

కాపరులకు ప్రత్యేకంగా రెండు మాటలు. ఆరాధనలో ప్రకటనల మధ్య, ఫలానా రోజు అందరూ వచ్చి రక్తం ఇవ్వండి అని వేదిక మీద నుండి చెప్పకండి. మీరు విన్నపమే అనుకుంటారు. వెనక వరుసలో కూర్చున్న విధవరాలికి అది ఆజ్ఞలా వినిపిస్తుంది. బృందం వచ్చిందని, ఇష్టమున్నవారు వెళ్లి వివరాలు తెలుసుకోవచ్చని, ఇవ్వనివారిని ఎవరూ ఏమీ అనరని చెప్పండి. సమ్మతి పత్రం తెలుగులోనో కోయలోనో లంబాడీలోనో, వారికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలని పట్టుబట్టండి. చదువు రానివారికి పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఉండాలన్నది నియమం. పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుకోలుతో పాటు ఏడేళ్లు దాటిన బిడ్డ ఇష్టాన్ని కూడా అడగాలన్నది నియమం.

రెండోది, సహకరించినందుకు సంఘానికి ఏదైనా ఇస్తామంటే తీసుకోకండి. మైకు సెట్టు కావచ్చు, ఫ్యాన్లు కావచ్చు, పైకప్పు రేకులు కావచ్చు. ఆ రేకుల నీడలో కూర్చున్న ప్రతి ఒక్కరూ ఇక కాదనలేరు.

ఇంకో సంగతి మనవారిలో చాలామందికి తెలియదు. ఎథిక్స్ కమిటీలో ఉండదగినవారి జాబితాలో సామాజిక శాస్త్రవేత్త, తత్వవేత్త, నీతిశాస్త్రం తెలిసినవారితో పాటు వేదాంత పండితుడి పేరు కూడా ఐసీఎంఆర్ రాసింది. సెమినరీలో నీతిశాస్త్రం చదివిన దైవజనులు మన మధ్య ఎందరో ఉన్నారు. మిషన్ ఆసుపత్రులు, వైద్య కళాశాలలు పిలిస్తే వెళ్లండి. పిలవకపోతే అడగండి. నెలకో పూట కూర్చుని, దస్తావేజు చదివి, ఈ తెలుగు ఆ పల్లెలో తల్లికి అర్థమవుతుందా అని అడగగలిగితే చాలు. అది కూడా పరిచర్యే.

ఎదుటి వైపు ప్రమాదం కూడా మరవకూడదు. కరోనా రోజుల్లో టీకాల మీద వదంతులు మన వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగాయి. పరిశోధన అనగానే కుట్ర అని పంచుకోవడం జాగ్రత్త కాదు, పొరుగువానికి హాని. ప్రశ్న వేయడం వేరు, పుకారు పుట్టించడం వేరు. ప్రశ్నకు జవాబు దొరికితే సంతోషంగా చెయ్యి చాచవచ్చు. ఎవరో అలా చాచినందువల్లనే మన బిడ్డలకు మందు దొరికింది.

దావీదు జీవితంలో ఒక సంగతి ఉంది. బేత్లెహేము బావి నీళ్ల మీద ఆయన మనసుపడితే, ముగ్గురు మనుషులు శత్రువుల దండును దాటుకుని వెళ్లి తెచ్చారు. ఆయన తాగలేకపోయాడు. ప్రాణాలకు తెగించి తెచ్చిన ఆ నీళ్లు ఆయన కళ్లకు వాళ్ల రక్తంలా కనిపించాయి. దేవుని సన్నిధిలో పారబోశాడు. నీళ్లలోనే మనుషుల రక్తాన్ని చూశాడాయన. నిజమైన రక్తమే చిన్న గాజు గొట్టంలో ఉన్నప్పుడు, దాన్ని తీసుకునే శాస్త్రవేత్త అయినా, డబ్బిచ్చే దాత అయినా, అనుమతి ముద్ర వేసే అధికారి అయినా, తలుపు తీసే కాపరి అయినా అందులో ఒక మనిషిని చూడగలగాలి.

వచ్చే నెలల్లో మెడికల్ క్యాంపు పెట్టాలనుకునే సంఘాలు పైన రాసిన ఆరు ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాసి పెద్దల సమావేశంలో చదవండి. స్త్రీల సమాజంలో, యవ్వనస్థుల కూటంలో చర్చించండి. ఎవరి చెయ్యి చాచమని అడుగుతున్నారో, సంతకం కూడా ఆ చేతిదే కావాలి.